పనికి పోయినా పాలు ఆగవు

మిరపకోతలు మొదలయ్యాయి. గుంటూరు, పల్నాడు పల్లెల్లో జనవరి వచ్చిందంటే చేలు ఎర్రబడతాయి. కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే వలస వస్తాయి. చేల గట్ల మీద గుడిసెలు వేసుకుంటాయి. తెల్లవారేసరికి ఆటోలు వచ్చి నిలబడతాయి. ఏడింటికి చేలో దిగితే సాయంత్రం అయిదు దాకా కోతే.

ఒక ఇంట్లో మూడు నెలల పాప ఉంది. తల్లి కోతకు పోవాలి. పోకపోతే ఇల్లు గడవదు. ఆ అత్తాకోడళ్ళు మాట్లాడుకుంటున్నారు. ఇలాంటి మాటలు మీ ఇంట్లోనూ వినే ఉంటారు.

"పదిహేను రోజుల్లో మన ముఠా కోతకు దిగుతుందంట అత్తా. నేనూ పోతాను. పిల్లదాన్ని నువ్వే చూసుకోవాలి."

"చూసుకుంటాలే. మరి పాలో? పగలంతా దానికి ఏం పట్టను?"

"డబ్బా పాలు తెస్తే?"

"నీ కూలంతా ఆ డబ్బాకే పోద్ది. ఇంక కోతకు పోయి ఏం లాభం?"

"పోనీ, గేదె పాలల్లో నీళ్ళు కలిపి పడదామా?"

అత్త కాసేపు మాట్లాడలేదు.

"నీ మొగుడికి అట్లాగే పట్టాను. బతికాడు. వాడి తర్వాత పుట్టినవాడికీ అట్లాగే పట్టాను. సీసాతో. వాడు విరోచనాలతో పోయాడు. ఏడో నెల కూడా నిండలా."

కోడలు పాపను దగ్గరకు తీసుకుంది.

"కోతకు పోతే పాలు ఎట్లాగూ ఎండిపోతాయంట గదా. పక్కింటి వదినకు నెల తిరక్కుండానే పోయాయంట."

వదినకు పాలు పోయిన మాట నిజమే. ఎందుకు పోయాయి? ముందు అది తెలుసుకుందాం. అది తెలిస్తే ఏం చెయ్యాలో తెలుస్తుంది.

చెలమ లాంటిది

ఎండాకాలం వాగులో చెలమ తీస్తాం. నీళ్ళు తోడితే మళ్ళీ ఊరతాయి. ఎక్కువ తోడితే ఎక్కువ ఊరతాయి. తోడకపోతే ఒక మట్టం దాకా వచ్చి ఆగిపోతాయి. తల్లి రొమ్ము కూడా ఇంతే.

బిడ్డ చీకినప్పుడు తల్లి మెదడుకు కబురు వెళుతుంది. మెదడు రెండు రసాలను రక్తంలోకి వదులుతుంది. ఒకదాని పేరు ప్రొలాక్టిన్. అది పాలను తయారు చేయిస్తుంది. రెండోదాని పేరు ఆక్సిటోసిన్. అది తయారైన పాలను బయటికి తోస్తుంది. పేర్లు గుర్తు లేకపోయినా ఫరవాలేదు. గేదె దగ్గర ఈ సంగతి మీరు రోజూ చూస్తున్నారు. దూడను వదిలితే గేదె చేపుకు వస్తుంది. కొత్త మనిషి కూర్చున్నా, బెదిరినా చేపదు. పొదుగులో పాలుంటాయి, కానీ దిగవు. మనిషి కూడా భయంలో, నొప్పిలో, హడావిడిలో ఉంటే పాలు చప్పున దిగవు. బిడ్డను తలుచుకుంటే చాలు, కొందరికి రవిక తడిసిపోతుంది.

రొమ్ము నిండిపోయి గంటల తరబడి అలాగే ఉందనుకోండి. "ఇక్కడ పాలు అక్కర్లేదు" అని శరీరం అనుకుంటుంది. తయారీ తగ్గిస్తుంది. ఒక రోజు అయితే ఏమీ కాదు. రోజూ పది గంటలు అలాగే ఉంటే పాలు తగ్గుతూ తగ్గుతూ వస్తాయి. పక్కింటి వదినకు జరిగింది ఇదే. ఎండ వల్ల కాదు. వంగి కోయడం వల్ల కాదు. దిష్టి అసలే కాదు. పగలంతా ఎవరూ ఆ పాలు తీయలేదు, అంతే.

కాబట్టి బిడ్డ పక్కన లేనప్పుడు కూడా పాలు తీస్తూ ఉండాలి. మూడు గంటలకు ఒకసారి తీస్తే మంచిది. చేలో అది కుదరదు అంటారు. నిజమే. కనీసం రెండు సార్లు, పదింటికి ఒకసారి, అన్నం వేళ ఒకసారి తీయాలి.

చేత్తో పిండడం ఎలా?

మందుల షాపుల్లో పాలు తీసే పంపులు అమ్ముతున్నారు. చేత్తో నొక్కేవి ఉన్నాయి, కరెంటువీ ఉన్నాయి. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు వాడుతున్నారు. వాడిన ప్రతిసారీ విడదీసి, సబ్బుతో కడగాలి. ఉడికించాలి. చేలో ఇదంతా ఎక్కడవుతుంది? సైకిల్ హారన్ లాంటి రబ్బరు బుడ్డ ఉన్న పంపు మాత్రం ఎవరూ కొనవద్దు. దాని లోపల కడగడం కుదరదు. మన చేతులు చాలు. ఖర్చు లేదు, చెడిపోవు.

ముందు చేతులు సబ్బుతో కడగాలి. నీడన కూర్చోవాలి. తొందర పడకూడదు. రొమ్మును పైనుంచి చనుమొన వైపు మెత్తగా నిమరాలి. గోరువెచ్చని తడిగుడ్డ కాసేపు వేసుకుంటే ఇంకా మంచిది.

చనుమొన చుట్టూ నల్లటి భాగం ఉంటుంది కదా. చనుమొనకు రెండు వేళ్ళ వెడల్పు దూరంలో, బొటనవేలు పైన, చూపుడువేలు కింద పెట్టాలి. ముందు రెండు వేళ్ళనూ ఛాతీ వైపు లోపలికి నొక్కాలి. తర్వాత రెండు వేళ్ళనూ దగ్గరకు తెచ్చి నొక్కాలి. వదలాలి. మళ్ళీ నొక్కాలి, వదలాలి. వేళ్ళను చర్మం మీద జార్చకూడదు. చాలామంది చనుమొననే పట్టుకుని లాగుతారు. దానివల్ల నొప్పి తప్ప పాలు రావు. గేదె చన్ను లాగినట్టు లాగకూడదు.

మొదటి ఒకటి రెండు నిమిషాలు ఏమీ రాకపోవచ్చు. తర్వాత చుక్కలు, ఆ తర్వాత ధార. ధార తగ్గాక వేళ్ళను కొంచెం పక్కకు జరపాలి. అలా చుట్టూ నొక్కాలి. ఒక రొమ్ము అయిదు నిమిషాలు, రెండోది అయిదు నిమిషాలు. మళ్ళీ మొదటిది. మొత్తం ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు పడుతుంది. నొప్పి పుడితే వేళ్ళు సరైన చోట లేవని అర్థం.

మొదటి రోజు రెండు చెంచాలు కూడా రావు. "నాకు పాలే లేవు" అని బెంగపడతారు. వచ్చిన పాలను బట్టి లోపల ఉన్న పాలను లెక్క కట్టకూడదు. బిడ్డ చీకినంతగా చేతికి రావు. ఇది అలవాటు మీద వచ్చే పని. అందుకే కోతకు పోవడానికి పదిహేను రోజుల ముందే ఇంటి దగ్గర మొదలుపెట్టాలి. పొద్దున పాప తాగిన తర్వాత రోజూ ఒకసారి పిండి చూసుకోవాలి.

కారం చేతులు

మిరపకోతకు పోయేవాళ్ళకు ఒక చిక్కుంది. ఈ మాట పుస్తకాల్లో అంతగా కనపడదు.

కాయలు కోసిన చేతులు మండుతాయి. ఆ చేతులతో రొమ్ము తాకితే ఒళ్ళంతా మంట. పాప నోటికి తగిలితే ఇంకేముంది? నీళ్ళతో కడిగితే కారం పోదు. కారం నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకని ముందు అరచేతులకు, వేళ్ళకు, గోళ్ళ సందులకు కొంచెం వంటనూనె బాగా రుద్దాలి. పాత గుడ్డతో తుడిచెయ్యాలి. ఆ తర్వాత సబ్బుతో రెండుసార్లు కడగాలి. ముంజేతి లోపలి పక్కన వేలు రుద్ది చూసుకోవాలి. అక్కడ మండకపోతే అప్పుడు పాలు పిండుకోవచ్చు. చిన్న సీసాలో నూనె, సబ్బు ముక్క, ఒక లీటరు నీళ్ళు, ఉతికిన గుడ్డ అన్నం క్యారేజీతో పాటు తీసుకుపోవాలి. చేతికి తొడుగులు వేసుకుని కోస్తే సగం బాధ తప్పుతుంది.

సాయంత్రం ఇంటికి రాగానే పాప ఏడుస్తూ చేతులు చాస్తుంది. ఎత్తుకోకుండా ఉండడం కష్టం. అయినా అయిదు నిమిషాలు ఆగాలి. చీర, రవిక మార్చుకోవాలి. ముఖం, చేతులు, రొమ్ము కడుక్కోవాలి. బట్టల మీద కారం దుమ్ము ఉంటుంది. పురుగుమందు కూడా ఉంటుంది. అది పాప కళ్ళలో, నోట్లో పడకూడదు.

పిండిన పాలు ఏం చెయ్యాలి?

మూతగల స్టీలు గ్లాసు ఒకటి ఇందుకే పెట్టుకోవాలి. సబ్బుతో కడిగి, పది నిమిషాలు నీళ్ళలో ఉడికించాలి. పొద్దున బయలుదేరేముందు అందులోకి పాలు పిండి, మూత పెట్టాలి. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉన్న చోట ఉంచాలి. గ్లాసు చుట్టూ తడిగుడ్డ చుట్టి, నీళ్ళ పళ్ళెంలో పెడితే మంచిది. ఆ పాలు 4 గంటల లోపల పాపకు పట్టాలి. రేకుల ఇంట్లో ఉడుకు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఇంకా ముందే పట్టెయ్యాలి. ఫ్రిజ్ ఉంటే రాత్రి పిండిన పాలు కూడా లోపలి పక్కన పెట్టి, మర్నాడు వాడుకోవచ్చు. పక్కింటి ఫ్రిజ్‌లో ఒక గ్లాసు పెట్టుకోమని అడగడానికి సిగ్గెందుకు?

నిలవ ఉన్న పాల మీద మీగడ తేలుతుంది. అడుగున పలచగా కనపడుతుంది. విరిగిపోయాయని పారబొయ్యకండి. గ్లాసును మెల్లగా తిప్పితే కలిసిపోతాయి. తల్లిపాలను పొయ్యి మీద కాచకూడదు. వేడినీళ్ళ గిన్నెలో గ్లాసు నిలబెట్టి గోరువెచ్చగా చేస్తే చాలు.

సీసా వద్దు. సీసా పీక సందుల్లో పాలు మిగిలి పురుగు చేరుతుంది. పురుగంటే కంటికి కనపడనిది. విరోచనాలు అక్కడే మొదలవుతాయి. మన ఇళ్ళల్లో ఉగ్గుగిన్నె ఉండేది. ఇప్పుడు అటక మీద ఉంటుంది. దాన్ని దించండి. లేకపోతే చిన్న గ్లాసు, చెంచా చాలు. పాపను ఒడిలో నిటారుగా కూర్చోబెట్టుకోవాలి. గిన్నె అంచును కింది పెదవికి ఆనించాలి. పాపే నాలుకతో తీసుకుంటుంది. నోట్లో పొయ్యకూడదు, పొరబోతుంది. తాగగా మిగిలిన పాలు మళ్ళీ దాచకూడదు.

ఇక్కడ అత్తకు ఒక అనుమానం వచ్చింది. "పిండిన పాలు బిడ్డకు పడతాయా?" అని. పడతాయి. 1989లో ముంబయిలోని సయన్ ఆసుపత్రిలో తల్లిపాల బ్యాంకు పెట్టారు. పాలు ఎక్కువగా ఉన్న తల్లులు పిండి ఇస్తారు. ఆ పాలను నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు పడతారు. మన హైదరాబాదులో నీలోఫర్ ఆసుపత్రిలో కూడా అలాంటి బ్యాంకు పెట్టారు. నెలలు నిండని పసికందుకే పడినప్పుడు మన పాపకు ఎందుకు పడవు?

పొద్దున పిండిన పాలు 4 గంటల దాకానే పనికొస్తాయి. మరి మధ్యాహ్నం? ఫ్రిజ్ లేని ఇంట్లో ఇది పెద్ద ప్రశ్నే. పాపను ఎవరైనా చేను దగ్గరకు తీసుకొచ్చి, పాలు తాగించుకుని పోవడం అన్నిటికన్నా మంచి మార్గం. బండి నడిపే మొగుడు ఆ పని చెయ్యవచ్చు. పాలివ్వడం మగవాడి వల్ల కాదు గానీ, పాపను మోసుకురావడం అవుతుంది. ఒకవేళ చేలో ఆ పూట మందు కొడుతుంటే పాపను ఆ దరిదాపులకు తేకూడదు. అప్పుడు శుభ్రమైన గ్లాసులో పాలు పిండి పంపవచ్చు.

ఏదీ కుదరని రోజు ఉంటుంది. నీళ్ళుండవు, గ్లాసు ఉండదు, తీసుకుపోయే మనిషి ఉండడు. ఆ రోజు కూడా పాలు పిండాలి. పిండి పారబొయ్యాలి. ఈ మాట వినగానే తల్లి మనసు ఒప్పుకోదు. బిడ్డ నోటికి అందాల్సిన పాలు నేలపాలు చెయ్యాలా అనిపిస్తుంది. కానీ ఆ పూట పిండేది ఆ పాల కోసం కాదు. రేపటి పాల కోసం. పాలు తొక్కుళ్ళలో పడకూడదని పెద్దవాళ్ళంటారు. సరే, చెట్టు మొదట్లో పొయ్యండి.

ఎండన పడి వచ్చినప్పుడు

"ఎండలో వచ్చావు, పాలు వేడి చేశాయి. పిండి పారేసి పట్టు" అని ఇంట్లో అంటారు. రొమ్ములో ఉన్న పాలు ఎండకు చెడవు, పులవవు. చేతులు, రొమ్ము కడుక్కుని వెంటనే పట్టవచ్చు. పగలంతా పిండకుండా పాలు బిగుసుకుని ఉంటే మాత్రం పాపకు పట్టు దొరకదు. కొంచెం పిండితే మెత్తబడుతుంది. అప్పుడు పాప నోరు ఆనుతుంది.

రొమ్ము ఒకచోట ఎర్రగా, గట్టిగా, వేడిగా ఉండి జ్వరం వస్తే ఆగకుండా ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి. ఆ రొమ్ము పాలు ఆపకూడదు. ఆపితే గడ్డ పెరుగుతుంది.

రాత్రి పాలు ముఖ్యం. ప్రొలాక్టిన్ రాత్రిపూట ఎక్కువ ఊరుతుంది. కోతకు పోయే తల్లుల పిల్లలు పగలు కాస్త తాగి పడుకుంటారు, రాత్రంతా చీకుతారు. "పిల్లకు అలవాటు చెడింది" అని విసుక్కుంటారు. అలవాటు చెడలేదు. పగలు తక్కువైంది రాత్రి తీర్చుకుంటున్నది. పక్కలో పడుకోబెట్టుకుని ఇస్తే తల్లికి కొంచెం నడుము వాలుతుంది. రాత్రి పాలిచ్చిన తల్లి పొద్దున్నే లేచి వంట కూడా చెయ్యాలంటే ఎట్లా? ఆ పని ఇంట్లో ఇంకొకరు అందుకోవాలి. తల్లి కడుపునిండా తినాలి, దాహం వేసినప్పుడల్లా నీళ్ళు తాగాలి. పాలు పెరగడానికి పొడులూ, టానిక్కులూ కొనే డబ్బుతో గుడ్లు, పప్పు కొనుక్కోవచ్చు.

పాలు చాలుతున్నాయా?

పాప రోజుకు ఆరు సార్లు, అంతకన్నా ఎక్కువ ఉచ్చ పోస్తుందా? అంగన్‌వాడీలో తూకం వేయించండి. మొదటి ఆరు నెలల్లో నెలకు అర కిలో అయినా పెరుగుతుందా? పెరిగితే పాలు చాలుతున్నట్టే. ఏడుపును బట్టి చెప్పలేం. పిల్లలు ఉక్కకు ఏడుస్తారు, నిద్రకు ఏడుస్తారు, ఎత్తుకోమని ఏడుస్తారు.

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప వేరే ఏదీ వద్దు. ఎండాకాలమైనా నీళ్ళు కూడా వద్దు. తల్లిపాలలో నూటికి 88 పాళ్ళు దాకా నీళ్ళే.

మీకు చదువు వచ్చింది కదా. షాపులో పాలపొడి డబ్బా కనపడితే చదవండి. తల్లిపాలే బిడ్డకు మేలు అని దాని మీద రాసి ఉండాలి. పసిబిడ్డ బొమ్మ గానీ, తల్లి బొమ్మ గానీ ఉండకూడదు. 1992లో వచ్చిన చట్టం అలా చెప్పింది. పసిపిల్లల పాలపొడికి, పాలసీసాలకు ప్రకటనలు కూడా చెయ్యకూడదు.

చట్టం ఏం చెబుతుంది?

1961లో ప్రసూతి చట్టం వచ్చింది. ఫ్యాక్టరీల్లో ఉన్న ఆడవాళ్ళకు, తర్వాత పదిమందికి తగ్గకుండా పనిచేసే షాపుల్లో ఉన్నవాళ్ళకు కూడా అది వర్తించింది. బిడ్డకు 15 నెలలు నిండేదాకా, మామూలు విరామం కాక, రోజుకు రెండు సార్లు పాలివ్వడానికి సమయం ఇవ్వాలని అందులో ఉంది. 2017లో దాన్ని మార్చారు. మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో సెలవు 26 వారాలు అయింది. కాన్పుకు ముందు ఏడాదిలో 80 రోజులు అక్కడ పనిచేసి ఉండాలి. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల గది ఉండాలి. తల్లి రోజుకు నాలుగు సార్లు అక్కడికి వెళ్ళి రావచ్చు. ఈ హక్కులన్నీ ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో ఉన్నాయి. అది 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది.

పొలం కూలికి ఈ సెలవు దొరకదు. ఇది అన్యాయమే. చేలో కోసే తల్లి బిడ్డకూ ఆకలి ఒకటే. కానీ పదింటికి ఒక అరగంట, మధ్యాహ్నం ఒక అరగంట కూర్చోవడానికి చట్టం దాకా పోనక్కర్లేదు. ముఠా అంతా ఒక మాట మీద ఉంటే మేస్త్రి కాదనడు. ఒక్కతే అడిగితే "నీకొక్కదానికేనా పిల్ల?" అంటాడు. అందరూ కలిసి అడగాలి. పాలిచ్చే తల్లి సాలును పక్కవాళ్ళు ఆ అరగంట తలా కాస్త కోసి పెట్టవచ్చు. రేపు వాళ్ళ ఇంట్లోనూ కాన్పు వస్తుంది.

మిరప తొడిమలు తీసే షెడ్డులో పనిచేసేవాళ్ళు కాగితం మీద రాసి ఇవ్వడం మంచిది. నోటి మాట మర్చిపోతారు. కింద ఒక అర్జీ ఉంది. చదవండి. మీ పనిచోటుకు తగినట్టు మార్చి నోటుబుక్కులో రాయండి. వేలిముద్ర వద్దు. సంతకాలు పెట్టండి.

తేది: ................

షెడ్డు యజమాని గారికి,

అయ్యా,

మేము మీ షెడ్డులో తొడిమలు తీసే పని చేస్తున్నాము. మాలో ....... మంది పాలిచ్చే తల్లులు ఉన్నాము. మా పిల్లల వయసు 15 నెలల లోపు. రోజుకు రెండు సార్లు పాలివ్వడానికి, లేదా పాలు పిండుకోవడానికి మాకు సమయం ఇవ్వాలి. ఆ సమయానికి కూలి కోయకూడదు. షెడ్డు పక్కన గది ఖాళీగా ఉంది. దానికి తలుపు గానీ, పరదా గానీ వేయించాలి. కూర్చోవడానికి ఒక బల్ల, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు, సబ్బు పెట్టించాలి. ఇవి చట్టంలో ఉన్నవీ, పాలిచ్చే తల్లికి అవసరమైనవీ. వచ్చే సోమవారం లోపల మాకు జవాబు చెప్పవలసిందిగా కోరుతున్నాము.

ఇట్లు,
(సంతకాలు)

1. ................
2. ................
3. ................